వర్జీనియా ఆకు

నార్ఫోక్ రేవులో ఓడ ఎక్కేముందు
ఇన్‌హేలర్లు లెక్కపెట్టుకున్నాను:
ఒకటి వాడి జేబులో, ఒకటి నా సంచిలో,
ఇంకొకటి, నన్ను నేను నమ్మను కనుక, మేజోడులో చుట్టి.

ఏడో అంతస్తు. బాల్కనీ గది.
ఆ బాల్కనీ కోసమే రెండేళ్లు శనివారాలు కూడా డ్యూటీకెళ్లాను.
వాడికి సముద్రం చూపిద్దామని తలుపు తీస్తే
సముద్రం కంటే ముందు పొగ వచ్చింది,
చెప్పులు విప్పకుండా లోపలికొచ్చే చుట్టంలా.

కౌండిన్య దగ్గాడు. ఒక్కసారే.
రెండో దగ్గు కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో
తల్లులకు చెప్పక్కర్లేదు,
మిగతావాళ్లకు చెప్పినా తెలియదు.

రిసెప్షన్‌లో అమ్మాయి ఎంతో మర్యాదగా విచారించింది.
గదులన్నీ నిండిపోయాయట. బాల్కనీల్లో కాల్చడం నిషేధమేనట.
ఆ "నిషేధమే" అంటున్నప్పుడే ఆమె వెనక కాసినోలోంచి
నీలంగా ఒక తెర జారుతూ వచ్చింది.

ఇక మా ఉపాయాలు మావి.
తలుపు కింద తడి తువ్వాలు.
భోజనాల హాలుకు కాసినో మీదుగానే దారి:
ఊపిరి బిగబట్టి నలభై రెండు అడుగులు,
వాడు ముందు, నేను వెనక,
నీళ్లలో మునిగినవాళ్లలా బుగ్గలు పొంగించుకుని.
మూడో రోజుకి వాడికది ఆట. నాకు కాదు.
పగలంతా ఓడ ముక్కు దగ్గర,
ఎదురుగాలి జుట్టు పీకేసేచోట, రెండు కుర్చీలు పట్టుకున్నాం.
అక్కడ టీ కూడా కప్పులో నిలవదు.

నాలుగో రాత్రి బాల్కనీ అడ్డుపలక మీద తట్టాను.
ఇంగ్లీషులో మూడు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను,
చివరిదాంట్లో కోపం.
అవతల వాల్ట్ అనే ముసలాయన. ఓడలకు వెల్డింగ్ చేసి చేసి
ఒక చెవి మూసుకుపోయింది.
నా మొదటి రెండు వాక్యాలూ ఆ చెవికే వెళ్లాయి.
మూడోది వినపడింది.
సిగరెట్ సోడా డబ్బాలో ముంచాడు, చుయ్‌మంది.
"మాది డాన్‌విల్ దగ్గర. పొగాకు రైతులం" అన్నాడు,
క్షమాపణో గొప్పో తెలియలేదు.

"మాదీ అంతే" అని నేననలేదు.

చాలాకాలం వర్జీనియా అంటే నాకు రాష్ట్రం కాదు, ఆకు.
కందుకూరు అవతల మా బ్యారన్‌లో
మూడో రెలుపు ఆకు పసుపు తిరిగేదాకా
నాన్న గంటగంటకూ లేచి వేడి చూసేవాడు.
అమ్మ పగలంతా కర్రలకు ఆకు అల్లేది,
జిగురు నల్లగా గోళ్లలోకి దిగేది.
బూడిదతో తోమినా, చింతపండుతో తోమినా
పెరుగన్నం ముద్దలో చేదు మిగిలేది.
అది పెరుగు రుచే అనుకున్నాను, చాలా ఏళ్లు.
వేలంలో ధర పలికిన ఏడు నా నర్సింగ్ ఫీజు కట్టారు.
ఇప్పుడు నా ఉద్యోగం ఊపిరితిత్తుల వార్డులో.

ఎవరి పొగ ఎవరిదో
అడ్డుపలకకి ఇటు నిలబడి తేల్చడం కష్టం.
కానీ వాడి ఛాతీ పదకొండేళ్లది,
దానికి ఏ బ్యారన్ అప్పూ లేదు.
"దయచేసి కింద డెక్ మీద కాల్చుకోండి" అన్నాను,
సిద్ధం చేసుకోని నాలుగో వాక్యం.
సరేనన్నాడు. రెండు రాత్రులు మాట నిలబెట్టుకున్నాడు.
ఆఖరి రాత్రి వాన.
మళ్లీ తువ్వాలు తడిపాను.

నార్ఫోక్‌లో దిగుతుంటే కస్టమ్స్ అధికారి
కాగితం మీంచి తలెత్తకుండా అడిగాడు:
మద్యం? లేదు.
పండ్లు, విత్తనాలు? లేవు.
పొగాకు?

కౌండిన్య నా చెయ్యి లాగుతున్నాడు.
వెనక వరుసలోవాళ్లు
పెట్టెలు ముందుకు జరుపుతున్నారు.